వారసుల ఇంట్లో అద్దె గది

వెనిస్‌లో సెయింట్ మార్క్ కూడలికి కూతవేటు దూరంలో, నీటి అంచున, దాండోలో వంశంవాళ్లు 14వ శతాబ్దం చివర్లో ఒక భవంతి కట్టుకున్నారు. వెనిస్ గణరాజ్యానికి నలుగురు అధినేతలను ఇచ్చిన వంశం అది. 1797లో నెపోలియన్ దెబ్బకు ఆ గణరాజ్యమే కూలిపోయింది. దానితోపాటే ఊళ్లోని పాత సంపన్న కుటుంబాలు ఒక్కొక్కటే చితికిపోయాయి. భవంతులు అంతస్తులవారీగా చేతులు మారసాగాయి. 1822లో జుసెప్పె దాల్ నియెల్ అనే ఆయన ఈ దాండోలో భవంతిలో ఒక అంతస్తు అద్దెకు తీసుకుని, పై ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు గదులివ్వడం మొదలుపెట్టాడు. వ్యాపారం కలిసొచ్చింది. తర్వాత్తర్వాత భవంతి మొత్తం ఆయన పరమైంది. జనం నోట్లో నలిగిన ఆయన ఇంటిపేరే 'దానియేలి' అని హోటల్‌కు స్థిరపడింది. 1834 చలికాలంలో ఫ్రెంచి రచయిత్రి జార్జ్ సాండ్, కవి ముస్సే అక్కడే దిగారు. ఇద్దరూ జబ్బుపడ్డారు, కలహించుకున్నారు. ఆ సంగతి యూరప్ సాహిత్య లోకమంతా చాలాకాలం చెప్పుకుంది.

దానియేలి ఇప్పుడు ఏ కుటుంబం చేతిలోనూ లేదు. 20వ శతాబ్దం మొదట్లోనే అది కంపెనీలకు వెళ్లిపోయింది. కానీ దాల్ నియెల్ అనుసరించిన ఉపాయం మాత్రం ఇటలీ అంతటా బతికే ఉంది. ఆ దేశంలో సుమారు 32 వేల హోటళ్లున్నాయి. అన్నిట్లో కలిపి పదకొండు లక్షల దాకా గదులు. భాగహారం చేస్తే హోటల్ ఒక్కింటికి ముప్పయి నాలుగు గదులకు మించవు. అంతర్జాతీయ గొలుసు సంస్థల బోర్డులు మిలాన్‌లోనో విమానాశ్రయాల దగ్గరో కనిపిస్తాయి గానీ, దేశం మొత్తం మీద చూస్తే గల్లాపెట్టె ముందు కూర్చునేది సాధారణంగా ఒక కుటుంబమే. తల్లి లెక్కలు చూస్తుంది, కొడుకు ఫోన్లు ఎత్తుతాడు, కోడలు పొద్దున్నే బల్లలు సర్దుతుంది. వాళ్లు కూర్చున్న ఇల్లు మాత్రం నాలుగైదు వందల ఏళ్ల నాటిది కావచ్చు.

ఇంత పాత ఇల్లు హోటల్ ఎందుకైంది? దానికి సగం జవాబు వారసత్వ చట్టంలో ఉంది. పాత రోజుల్లో ఇటలీ జమీందారీ కుటుంబాలు ఆస్తి చీలకుండా పెద్దకొడుక్కే దక్కేలా కట్టుబాట్లు రాసుకునేవి. 1865 నాటి పౌరస్మృతి ఆ పద్ధతిని రద్దు చేసింది. ఇప్పటి చట్టం ప్రకారం తండ్రి వీలునామా ఎలా రాసినా పిల్లల వాటా పిల్లలకు వెళ్లాల్సిందే. భార్యో భర్తో లేకుండా ఇద్దరు, అంతకంటే ఎక్కువమంది పిల్లలుంటే ఆస్తిలో మూడింట రెండు వంతులు వాళ్లకు సమానంగా చెందాలి. ఆడపిల్ల, మగపిల్లవాడు అన్న తేడా లేదు. రెండు తరాలు గడిచేసరికి ఒక భవంతికి పన్నెండు మంది దాయాదులు తేలతారు. మెట్లదారి ఒకటే, పైకప్పు ఒకటే. ఆ పైకప్పు పెంకులు మార్చాలంటే అందరూ జేబులో చెయ్యి పెట్టాలి. అమ్మేయడం ఒక దారి. ఉమ్మడిగా ఉంచుకుని దాని సంపాదన దానిచేతే చేయించడం ఇంకో దారి. ఆ రెండో దారి పట్టినవాళ్లే అతిథులకు తలుపు తెరిచారు.

నేపుల్స్‌కు దక్షిణంగా అమాల్ఫి తీరం మీది పొసితానోలో జరిగింది ఇదే. నేపుల్స్ కులీన వంశమైన సెర్సాలె వాళ్లకు ఆ ఊళ్లో 18వ శతాబ్దపు వేసవి విడిది ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇటలీలో రాచరికం పోయింది, బిరుదులకు చట్టంలో విలువ పోయింది, చేతిలో మిగిలింది ఇల్లే. 1951లో ఆ ఇంటి తోబుట్టువులు నలుగురు కలిసి దాన్ని 'లె సిరెనూజె' అనే హోటల్‌గా తెరిచారు. ఎదురుగా సముద్రంలో కనిపించే మూడు చిన్న దీవుల పేరది. పాటతో నావికులను చంపే సైరన్లు ఆ దీవుల మీదే ఉండేవారని గ్రీకు కథ.

హోటల్ తెరిచిన కొద్దికాలానికే అమెరికన్ నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ అక్కడికి వచ్చాడు. రోమ్‌లో ఎండకు తాళలేక ఉంటే, ఇటాలియన్ రచయిత అల్బెర్తో మొరావియా పొసితానో పొమ్మని సలహా ఇచ్చాడట. ఆ ప్రయాణం మీద ఆయన రాసిన వ్యాసం 1953 మేలో 'హార్పర్స్ బజార్' పత్రికలో అచ్చయింది. కొండదారి మలుపుల్లో కారు నడిపిన డ్రైవర్ ధైర్యం చూసి భార్యాభర్తలిద్దరూ ప్రాణాలు అరచేత పట్టుకున్న వైనం అందులో నవ్వు పుట్టిస్తుంది. హోటల్ గురించి చెప్పింది తక్కువే: పాత కుటుంబం ఇల్లు, శుభ్రంగా చల్లగా ఉంది, ప్రతి గదికీ సముద్రం వైపు చిన్న బాల్కనీ ఉంది. ఎక్కువ చెప్పింది ఊరి మేయర్ గురించి. ఆ మేయర్ ఎవరో కాదు, హోటల్ యజమానుల్లో ఒకరైన పావొలో సెర్సాలె. ఆ వ్యాసంలో స్టైన్‌బెక్ ఒక జోస్యం కూడా చెప్పాడు. నిటారు కొండకు వేలాడే ఈ ఊళ్లో ఇళ్లు కట్టే చోటే లేదు కాబట్టి గుంపులుగా వచ్చే పర్యాటకులు దీన్ని ఎప్పటికీ పాడుచేయలేరని. ఆగస్టు నెలలో ఆ ఊరి మెట్లమీద భుజం భుజం రాసుకుంటూ నడిచినవాళ్లకు ఆ మాట ఎంత తప్పో వేరే చెప్పనక్కర్లేదు. ఆ వ్యాసం చదివి వచ్చినవాళ్లే ఆ జోస్యాన్ని తప్పు చేశారనడం కొంత అతిశయోక్తే గానీ, పూర్తిగా అబద్ధం కాదు. హోటల్ ఇప్పటికీ సెర్సాలె కుటుంబానిదే. అద్దె మాత్రం మధ్యతరగతి మనిషి నెల జీతం రెండు రాత్రుల్లో కరిగిపోయేంత.

అంత ఖరీదు లేని కుటుంబ హోటళ్లే ఇటలీలో ఎక్కువ. ఆ హోటళ్లలో దిగిన అతిథికి మొదట విసుగు తెప్పించే విషయాలు చాలావరకు ఒకే కార్యాలయం దగ్గరికి వెళ్లి ఆగుతాయి. దాన్ని సోప్రిన్‌తెందెంజా అంటారు. చారిత్రక కట్టడాలను కాపాడే ప్రభుత్వ శాఖ అది. 1939లో వచ్చిన 1089వ నంబరు చట్టం, ఇప్పుడు దాని స్థానంలో ఉన్న 2004 నాటి సాంస్కృతిక సంపద స్మృతి దానికి అధికారాలిచ్చాయి. చరిత్ర విలువ ఉందని ప్రకటించిన ఇల్లు సొంతదే అయినా, దానిమీద ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు వాళ్ల అనుమతి కావాలి. ఇల్లు అమ్మకానికి పెడితే ప్రభుత్వానికి చెప్పాలి. అదే ధరకు ముందుగా కొనుక్కునే హక్కు ప్రభుత్వానిది. ఆలోచించుకోవడానికి అరవై రోజుల గడువు.

దీని ఫలితం గదిలోకి అడుగుపెట్టగానే తెలుస్తుంది. ఆ ఇల్లు కట్టిన కాలంలో పడకగదికి ఆనుకుని స్నానాలగది అనే ఆలోచనే లేదు. తర్వాత గది మూలలో ఒక పెట్టెలాగా దాన్ని ఇరికించారు. పాత నేలను తవ్వడానికి వీల్లేదు కాబట్టి గొట్టాలు నేల మీదుగానే పోవాలి. వాటిని కప్పడానికి స్నానాలగది నేలను ఒకటి రెండు మెట్లు ఎత్తు చేస్తారు. రాత్రి నిద్రమత్తులో వెళ్లేవాడు కాలు చూసుకుని వేయాలి. ఒకప్పటి పెద్ద హాలును రెండు గదులు చేసినచోట పైకప్పు మీది చిత్రంలో దేవదూత తల ఒక గదిలో, రెక్క పక్కగదిలో ఉంటుంది. ఎయిర్ కండిషనర్ బయటి పెట్టెను వీధివైపు గోడకు తగిలించనివ్వరు. దాన్ని లోపలి పెరట్లోనో పైకప్పు చాటునో దాచాలి. గోడలు రెండు మూడు అడుగుల మందం. ఎండాకాలం మధ్యాహ్నం ఆ మందమే చల్లదనం. వైఫై సిగ్నల్‌కు అదే శత్రువు.

లిఫ్ట్ సంగతి వేరే చెప్పాలి. చాలాచోట్ల మెట్ల నడుమ ఖాళీలో ఇనుప జాలీతో కట్టిన పంజరం లాంటి లిఫ్ట్ ఉంటుంది. ఇద్దరు మనుషులు పడితే పెట్టె పట్టదు, పెట్టె పడితే ఒక్క మనిషే పడతాడు. కొన్ని ఇళ్లలో అదీ లేదు. ఇంకా చిత్రం, లిఫ్ట్ ఉన్నా అది మొదటి అంతస్తు నుంచి మొదలవుతుంది. పాత భవంతుల్లో కింది భాగం గోదాములకు, గుర్రాలకు. కుటుంబం నివాసం, అతిథుల సత్కారం అంతా ఎత్తైన పైకప్పులున్న మొదటి అంతస్తులో. అంచేత వీధి తలుపు దగ్గర్నుంచి అక్కడిదాకా రాతి మెట్లే దిక్కు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గది అందం కన్నా ముందు ఈ ఒక్క విషయం హోటల్‌కు రాసి తెలుసుకోవడం మంచిది. పాత ఇల్లు అన్న మురిపెంలో ఈ ఇబ్బందిని చాలా ప్రయాణ వ్యాసాలు దాటేస్తాయి.

కులీనుల ఇళ్ల తర్వాత హోటళ్లుగా మారినవాటిలో మఠాలు ఎక్కువ. ఇటలీ ఒకే రాజ్యమయ్యాక, 1866లో ప్రభుత్వం క్రైస్తవ సన్యాసుల సంఘాలను రద్దు చేసి వాటి ఆస్తులు తీసేసుకుంది. అంతకుముందు నెపోలియన్ కాలంలోనూ అదే జరిగింది. అలా ఖాళీ అయిన మఠాలు బడులయ్యాయి, సిపాయిల బారకులయ్యాయి, చెరసాలలయ్యాయి, హోటళ్లూ అయ్యాయి. అమాల్ఫిలో సముద్రం పక్కనే ఉన్న 'లూనా కొన్వెంతో' 13వ శతాబ్దపు మఠం. సెయింట్ ఫ్రాన్సిస్ స్వయంగా దాన్ని స్థాపించాడని ఊరి నమ్మకం. మధ్యలో ఆకాశానికి తెరిచిన అంగణం, చుట్టూ వసారా, వసారాకు ఒకదానిలో ఒకటి అల్లుకున్న కమానులు. మన మండువా లోగిలిని రాతితో కట్టి, మండువా చుట్టూ స్తంభాలకు బదులు కమానులు నిలబెడితే దాదాపు అలాగే ఉంటుంది. 19వ శతాబ్దం నుంచి ఒకే కుటుంబం తరతరాలుగా దీన్ని హోటల్‌గా నడుపుతోంది. 1879 వేసవిలో నార్వే నాటకకర్త హెన్రిక్ ఇబ్సెన్ భార్యాబిడ్డతో అమాల్ఫిలో మకాం పెట్టి 'ఎ డాల్స్ హౌస్' రాసింది ఈ పైకప్పు కిందే. ఆ ఏడాది డిసెంబరులో నాటకం అచ్చయింది, అదే నెలలో కోపెన్‌హాగన్‌లో ఆడింది. భర్త ఇంటి తలుపు మూసి బయటికి నడిచిన నోరా పాత్ర సన్యాసుల మఠంలో పుట్టిందన్నది హోటల్‌వాళ్లు ఇష్టంగా చెప్పుకునే విషయం. చెప్పుకోవడానికి వాళ్లకు హక్కుంది.

పాత ఇంట్లో బస అంటే ఏమిటో పూర్తిగా అర్థమయ్యే చోటు ఫ్లోరెన్స్‌లోని సాంతిస్సిమా అనున్‌జియాత కూడలి. దానికి ఒకవైపు బ్రునెల్లెస్కి 1419లో మొదలుపెట్టిన అనాథ శిశువుల ఆశ్రమం ఉంది. సన్నని స్తంభాలు, గుండ్రని కమానుల వరస. కొత్త వాస్తుశైలికి అది తొలి అడుగని చరిత్రకారులంటారు. ఎదురుగా మరో వరస కమానులు, అచ్చం అలాంటివే. వందేళ్ల తర్వాత, 16వ శతాబ్దం మొదటి పాతికేళ్లలో, సెర్వైట్ సంఘం సన్యాసుల కోసం ఆంతొనియో ద సాంగల్లో, బాచ్చో దాన్యొలో అనే ఇద్దరు వాస్తుశిల్పులు వాటిని కట్టారు. సొంత ప్రతిభ చూపించాలన్న తాపత్రయం వదులుకుని ఎదురింటిని ఉన్నదున్నట్టు అనుకరించారు. కూడలికి పొందిక రావాలంటే అదే మార్గమని వాళ్లు సరిగానే గ్రహించారు. ఆ రెండో వరస కమానుల వెనకే 'లొజ్జాతో దెయి సెర్వితి' హోటల్ ఉంది. గదులకు ఇప్పటికీ పాత కమాను పైకప్పులే.

అక్కడ దిగిన అతిథి కిటికీ తెరిస్తే ఎదురుగా ఆశ్రమం ముఖభాగం కనిపిస్తుంది. దానిమీద నీలిరంగు గుండ్రటి పలకల్లో, పొత్తిగుడ్డలు చుట్టిన పసిపిల్లల బొమ్మలు. ఆంద్రెయా దెల్లా రొబ్బియా మట్టితో చేసి మెరుగుపూత వేసినవి. పట్టు వర్తకుల సంఘం డబ్బుతో నడిచిన ఆశ్రమం అది. 1445 ఫిబ్రవరి 5న మొదటి పసిపాప అక్కడికి చేరింది. ఆమెకు అగాతా స్మెరాల్ద అని పేరు పెట్టారు. తల్లులు ఎవరి కంటా పడకుండా బిడ్డను లోపలికి అందించే చిన్న కిటికీని 1875లో మూసేశారు. 1988లో యూనిసెఫ్ పిల్లల పరిశోధన కేంద్రం ఆ భవనంలోనే మొదలైంది. కూడలి మధ్యలో గుర్రం మీద కూర్చున్న ఫెర్దినాందో ప్రభువు కంచు విగ్రహం 1608 నాటిది.

ఇదంతా చూడ్డానికి టికెట్ కొని వరసలో నిలబడే పని లేదు, మెట్లు దిగితే చాలు. ఏటా సెప్టెంబర్ 7 రాత్రి మాత్రం కిటికీ మూసినా నిద్ర పట్టదు. మేరీమాత పుట్టినరోజుకు ముందు రాత్రి అది. పూర్వం చుట్టుపక్కల పల్లె జనం దీపాలు పట్టుకుని నడిచి వచ్చి, కూడలిలోని సాంతిస్సిమా అనున్‌జియాత గుడి ముందు రాత్రి గడిపి, తెల్లారి సంతలో సరుకు అమ్ముకునేవారు. ఇప్పుడు పిల్లలు కాగితపు లాంతర్లను కర్రలకు వేలాడదీసి ఊరేగుతారు. పక్కనుంచి అల్లరి పిల్లలు గొట్టాల్లో మట్టి ఉండలు పెట్టి ఊది ఆ లాంతర్లను తగలబెట్టాలని చూస్తారు. అరుపులు, ఏడుపులు, నవ్వులు. ఈ గొడవ ఇష్టపడేవాళ్లు ఆ రోజుకు ముందే గది చెప్పుకోవాలి. ఇష్టపడనివాళ్లు పెరటివైపు గది అడగాలి.

మఠం, భవంతి కాకుండా మూడో రకం ఒకటుంది. దాన్ని పెన్సియోనె అంటారు. ఒక ఇంటావిడ తన ఇంట్లో నాలుగైదు గదులు అద్దెకిచ్చి, భోజనం కూడా తనే పెట్టే ఏర్పాటు. 1820 నవంబరులో క్షయతో రోమ్ చేరిన ఆంగ్ల కవి కీట్స్, స్పానిష్ మెట్ల పక్కన ఆన్నా ఆంజెలెత్తి అనే ఆవిడ ఇంట్లో ఇలాగే దిగాడు. భోజనం మాత్రం పూటకూళ్ల ఇంటి నుంచి వచ్చేది, రోజూ నాసిగా ఉండేది. ఒకరోజు కీట్స్ ఆ గిన్నెలన్నీ కిటికీలోంచి వీధిలోకి కుమ్మరించాడని, అప్పట్నుంచి మంచి భోజనం రావడం మొదలైందని అతని స్నేహితుడు సెవర్న్ చెప్పాడు. 1821 ఫిబ్రవరిలో కవి చనిపోయాడు. క్షయ అంటువ్యాధి అని పోప్ రాజ్యం చట్టం. గదిలోని సామాను కాల్చేశారు, గోడలు గీకించారు. ఆ ఇల్లు ఇప్పుడు కీట్స్, మరో ఆంగ్ల కవి షెల్లీల జ్ఞాపకంగా మ్యూజియం.

ఎనభై ఏళ్ల తర్వాత, 1901లో, ఇంకో ఆంగ్ల యువకుడు తల్లిని వెంటబెట్టుకుని ఫ్లోరెన్స్‌లో ఆర్నో నది ఒడ్డున పెన్సియోనె సిమిలో దిగాడు. అతని పేరు ఇ.ఎం. ఫార్‌స్టర్. నది కనిపించే గది ఇస్తామని చెప్పి పెరటి గది ఇచ్చారని మొదలయ్యే అతని నవల 'ఎ రూమ్ విత్ ఎ వ్యూ' 1908లో వచ్చింది. అందులోని ఇంటావిడ ఇటలీలో కూర్చుని లండన్ యాసలో మాట్లాడుతుంది. బల్ల చుట్టూ అందరూ ఇంగ్లీషువాళ్లే. పెన్సియోనె ఎంత సొంతిల్లులా ఉండేదో, ఎంత ఇరుకుగా ఉండేదో ఆ నవల చదివితే తెలుస్తుంది. మన పాఠకులకు 'ఎ పాసేజ్ టు ఇండియా' రచయితగా పరిచయమైన ఫార్‌స్టర్ ఈయనే.

1937లో ఇటలీ ప్రభుత్వం హోటళ్లు, పెన్సియోనెలు, లోకాందలు (చిన్న సత్రాలు) అని బసలను తరగతులుగా విడగొట్టింది. 1983 చట్టం ఆ తేడాలు తీసేసి అందరికీ నక్షత్రాలిచ్చింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. నక్షత్రాలు లెక్కపెట్టేది లిఫ్టును, గది వైశాల్యాన్ని, కౌంటర్ దగ్గర మనిషి ఎన్ని గంటలుంటాడన్నదాన్ని. పైకప్పు చిత్రాలను కాదు, గోడ వయసును కాదు. అందుకే నాలుగు వందల ఏళ్ల భవంతికి రెండు నక్షత్రాలు, రైల్వేస్టేషన్ ఎదుట కాంక్రీటు డబ్బాకు నాలుగు నక్షత్రాలు ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. చట్టం మారినా కొందరు పాత పేరు వదల్లేదు. వెనిస్‌లో జాతెరె రేవు మీద ఉన్న 'పెన్సియోనె లా కాల్చీనా' గోడకు, 1877లో కళావిమర్శకుడు జాన్ రస్కిన్ అక్కడ బసచేశాడని రాసిన ఫలకం ఇప్పటికీ కనిపిస్తుంది.

అసలు హోటల్‌ను వెతికి పట్టుకోవడమే మొదటి పరీక్ష. వెనిస్‌లో ఇంటి నంబర్లు వీధిని బట్టి ఉండవు. పేట మొత్తానికి ఒకే వరస. కాస్తెల్లో అనే పేటలో అవి ఆరు వేలు దాటతాయి. పక్కింటి నంబరు చూసి ముందుకు పోతే కాలవలో తేలతారు. ఫ్లోరెన్స్‌లో దుకాణాలకు ఎర్ర అంకెలు, నివాసాలకు నలుపో నీలమో అంకెలు. ఒకే వీధిలో రెండు వరసలు వేటికవే నడుస్తాయి. అద్దెకారులో వెళ్లేవాళ్లకు మరో ముప్పు ఉంది. పాత ఊళ్ల నడిబొడ్డుకు అనుమతి లేని వాహనాలు రాకూడదు, కెమెరాలు కాపలా. కారు నంబరు ముందే హోటల్‌కు చెబితే వాళ్లు నగరపాలక సంస్థ జాబితాలో చేర్పిస్తారు. చెప్పకపోతే నెలల తర్వాత హైదరాబాద్ చిరునామాకు జరిమానా కాగితం వస్తుంది.

తలుపు దాటగానే పాస్‌పోర్ట్ అడుగుతారు. కొందరు అతిథులు దీన్ని అనుమానంగా చూస్తారు. అది 1931లో, ముస్సోలినీ హయాంలో వచ్చిన ప్రజాభద్రత చట్టం పని. ప్రతి అతిథి వివరాలూ ఇరవై నాలుగు గంటల్లో పోలీసులకు చేరాలి. ఒకప్పుడు కాగితం చీటీలు, ఇప్పుడు ఆన్‌లైన్. ఫాసిస్టు ప్రభుత్వం పోయింది, రాజు పోయాడు, పాత నాణెం లీరా కూడా పోయింది, ఆ నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు. వెళ్లేరోజు బిల్లుతోపాటు నగర పన్ను వేరుగా కట్టాలి, తలకు ఇంత, రాత్రికి ఇంత అని. రోమ్ 2011లో దీన్ని మొదలుపెట్టింది. ముందే డబ్బు కట్టేశాం కదా అని యజమానితో వాదించి లాభం లేదు, ఆ సొమ్ము ఊరికి పోతుంది.

తెలుగువాళ్లకు నచ్చే సంగతి ఒకటి స్నానాలగదిలో ఉంది. యూరప్‌లో చాలా దేశాల్లో కాగితంతో సరిపెట్టుకోవాలి. ఇటలీలో మాత్రం 1975 నాటి మంత్రిత్వ శాఖ ఉత్తర్వు ప్రకారం ప్రతి ఇంట్లోనూ కనీసం ఒక స్నానాలగదిలో బిదే, అంటే నీళ్లతో కడుక్కునే తొట్టి, ఉండి తీరాలి. ఆ అలవాటు హోటళ్లకూ పాకింది. ఎంత ఇరుకు గదిలోనైనా దానికి చోటు చేస్తారు.

పొద్దున పూట తిండి తీపి. కాఫీ, కొర్నెత్తో అనే తీపి రొట్టె, ఇంట్లో కాల్చిన జామ్ పై. ఇడ్లీ కోసం చూసే కడుపుకు ఇది ఆనదు. రాత్రి భోజనం కూడా హోటల్లోనే తినే ఏర్పాటు ఉంటే, శాకాహారులు రెండు విషయాలు ముందే చెప్పాలి. రిసోత్తో అనే బియ్యం వంటకాన్ని చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు. పార్మిజానో చీజ్‌ను దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్‌తో విరగ్గొడతారు. కుటుంబ హోటల్లో సౌలభ్యం ఏమిటంటే, వంటింట్లో ఉన్నది ఇంటావిడే కాబట్టి, ఆ మాట నేరుగా ఆవిడకే చేరుతుంది. మరుసటి రోజుకు ఆలివ్ నూనె, టమాటా, బేసిల్ ఆకుల పాస్తా బల్ల మీదికి వస్తుంది.

ఇప్పుడు ఈ హోటళ్లకు పోటీ పెద్ద కంపెనీల కన్నా పక్క వాటా నుంచే ఎక్కువ. దాయాదుల్లో ఒకరు తన భాగంలోని ఫ్లాటును ఇంటర్నెట్‌లో రోజువారీ అద్దెకు పెట్టేస్తారు. కౌంటర్ లేదు, జీతాలు లేవు, పొద్దున కాఫీ పెట్టే పని లేదు, తలుపు పక్కన అంకెల తాళమున్న చిన్న పెట్టెలో తాళంచెవి. ఊళ్లో కాపురముండే ఇళ్లు దీనివల్ల తగ్గిపోతున్నాయి. వెనిస్ పాత నగరంలో 1951లో లక్షా డెబ్బై అయిదు వేల మంది ఉండేవారు. 2022లో ఆ సంఖ్య యాభై వేల కిందికి పడింది. ఫ్లోరెన్స్ నగరపాలక సంస్థ 2023లో, యునెస్కో జాబితాలో ఉన్న పాత నగరంలో కొత్తగా ఇలాంటి అద్దెలు పెట్టకూడదని నిర్ణయించింది. వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు, కోర్టులకూ వెళ్లారు. కుటుంబ హోటళ్లవాళ్లలో చాలామంది ఈ కట్టడిని సమర్థిస్తారు, అందులో స్వార్థం లేదనలేం. అయినా అర్ధరాత్రి గీజర్ పనిచేయకపోతే మేడ మీంచి దిగివచ్చే మనిషి ఉండటానికీ, ఫోన్లో యంత్రం సమాధానం చెప్పడానికీ ఉన్న తేడా అతిథికి తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచి షెంగెన్ వీసాకు దరఖాస్తు చేసేవాళ్లు ఎలాగూ బస ఏర్పాటు కాగితం జతచేయాలి. చిన్న హోటల్‌కు ఈమెయిల్ రాస్తే పేర్లు, పాస్‌పోర్ట్ నంబర్లు వేసి ఉత్తరం పంపే యజమానులు చాలామందే ఉన్నారు. అదే ఉత్తరంలో లిఫ్ట్ సంగతి, గది ఏవైపు ఉందన్న సంగతి, రాత్రి వీధి తలుపు తాళంచెవి ఇస్తారా అన్న సంగతి అడిగేయవచ్చు. 2025 జనవరి నుంచి రోజువారీ అద్దె ఫ్లాట్లకు జాతీయ గుర్తింపు సంఖ్య తప్పనిసరి. వీధి గోడమీదా, ఇంటర్నెట్ ప్రకటనలోనూ అది కనిపించాలి. అది లేనిచోట డబ్బు కట్టకపోవడమే క్షేమం. పొసితానో, అమాల్ఫి వైపు హోటళ్లు చాలావరకు నవంబరులో మూతపడి మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో తెరుచుకుంటాయి. సంక్రాంతి సెలవుల్లో వెళ్లేవాళ్లు ఫ్లోరెన్స్, రోమ్‌లకు మొగ్గితే గదులు సులువుగా, చవగ్గా దొరుకుతాయి. వెనిస్‌లోనూ జనవరి అంతే, కార్నివాల్ మొదలయ్యేదాకా.